మండలానికో సముద్రం

తుమ్మలబయలుకు సముద్రం ఉగాది మర్నాడు మంజూరైంది.

అంతకుముందు ఆ ఊరికి సముద్రంతో పెద్దగా పరిచయం లేదు. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని, ఎర్రమట్టి, గుండ్రాళ్లు, వేరుశనగ చేలు, మేకల మందలు తప్ప ఇంకేమీ లేని పల్లె అది. ఊరు మొత్తం మీద సముద్రాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే. ఒకడు లారీ మీద మద్రాసు పోయి వచ్చిన మారెన్న. వాడు దాన్ని ఒకసారి చూసి, "శానా నీళ్లప్పా, ఒగ చెంబుడు పనికి రాదు" అని తేల్చేశాడు. రెండోవాడు బడిపంతులు వన్నూరప్ప. ఆయన పెళ్లైన కొత్తలో భార్యతో వెళ్లి, సాయంకాలం దాకా ఒడ్డున కూర్చుని వచ్చాడు. దాన్ని గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సముద్రం మంజూరు కావడానికి కారకులు ప్రత్యేకాధికారి శేషశయనం గారు. ఆ ఏడాది ఆయన రాజధానిలో ఒక సదస్సుకు వెళ్లారు. అక్కడ ఒక శాస్త్రవేత్త తెర మీద రంగురంగుల పటాలు చూపించి ఓపిగ్గా చెప్పాడు. భూమికి అవతలి పక్కన పసిఫిక్ అనే మహాసముద్రం ఉంది. కొన్నేళ్లకొకసారి దాని తూర్పు భాగంలో నీళ్లు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతాయి. దాన్నే ఎల్ నినో అంటారు. అప్పుడు గాలుల దారి మారి, ఇక్కడ మన ఋతుపవనాలు చాలాసార్లు నీరసిస్తాయి. ఆ నీళ్లు చల్లబడితే చాలాసార్లు పుంజుకుంటాయి. అది చాలదన్నట్టు ఆ సముద్రానికి ఇంకో నిదానమైన నడక కూడా ఉంది. ఇరవై ముప్పై ఏళ్లు ఒకవైపు ఒరిగి, మళ్లీ ఇరవై ముప్పై ఏళ్లు రెండోవైపు ఒరుగుతుంది. ఆ ఒరుగుడును బట్టి, వేల మైళ్ల దూరంలోని మెట్ట సీమల్లో మంచి ఏళ్లు వరసగా వస్తాయి, లేదా చెడ్డ ఏళ్లు వరసగా వస్తాయి. "చాలాసార్లు అంటున్నాను గాని ప్రతిసారీ అనడం లేదు" అని శాస్త్రవేత్త రెండుసార్లు నొక్కి చెప్పాడు. ఆ రెండుసార్లూ శేషశయనం గారు టీ కోసం బయట ఉన్నారు.

తిరిగి వచ్చిన వారానికే ఉగాది. జిల్లా కార్యాలయంలో పంచాంగ శ్రవణం జరుగుతోంది. సిద్ధాంతి గారు ఏటా చదివినట్టే చదువుకుంటూ పోతున్నారు: "ఈ సంవత్సరము వర్షములో పది భాగములు సముద్రమందు, ఆరు భాగములు పర్వతములందు, నాలుగు భాగములు భూమియందు కురియును."

ఏటా అందరూ ఆ వాక్యం విని, పచ్చడి ఎప్పుడు పంచుతారా అని చూస్తారు. ఆ ఏడు మాత్రం శేషశయనం గారు లేచి నిలబడ్డారు.

"ఆగండి సిద్ధాంతి గారూ. పది భాగాలు ఎక్కడన్నారు?"

"సముద్రమందు, అయ్యా."

"మన జిల్లాలో పర్వతాలున్నాయా?"

"గుట్టలున్నాయి."

"భూమి?"

"దానికి కొదవ లేదు."

"సముద్రం?"

సిద్ధాంతి గారు నసిగారు.

"చూశారా!" శేషశయనం గారు సభ వైపు తిరిగారు. "ఇరవై భాగాల్లో పది భాగాలు, అంటే సగం వాన, కేవలం తగిన మౌలిక వసతి లేని కారణంగా మన జిల్లా ఏటా నష్టపోతోంది. పోనీ, మిగతా సగమైనా సరిగా వస్తోందా అంటే, అది ఎక్కడో విదేశాల్లో ఉన్న పసిఫిక్ దయాదాక్షిణ్యాల మీద నడుస్తోంది. స్వాభిమానం గల ఏ జిల్లా అయినా ఎంతకాలం ఇలా పరాయి సముద్రం మీద బతుకుతుంది?"

చప్పట్లు మోగాయి. మర్నాడే ఉత్తర్వు తయారైంది. దాని పేరు 'మండలానికో సముద్రం: స్థానిక జలధి స్వావలంబన పథకం'. ప్రతి మండలంలో ఒక సముద్రాన్ని నిర్మించి, దాని ఉష్ణోగ్రతను నియంత్రణలో ఉంచి, తద్వారా వర్షాన్ని స్థానికంగా ఉత్పత్తి చేయాలని అందులో ఉంది. మొదటి సముద్రానికి ఏ ఊరిని ఎంచాలన్న చర్చ వచ్చింది. ఆ రోజు సమావేశానికి రాని సర్పంచి తుమ్మలబయలు తిప్పేస్వామి ఒక్కడే. కనుక సముద్రం తుమ్మలబయలుకు దక్కింది.

బడులు తెరిచే నాటికి బడి ఆటస్థలంలో సిమెంటు సముద్రం సిద్ధమైంది. మనిషి లోతు ఉంటుంది. లోపలి గోడకు నీలం రంగు వేశారు. చుట్టూ ఎండిన వంకలోని ఇసుక పోసి తీరం ఏర్పాటు చేశారు. తీరంలో 'లోతు ఎక్కువ, ఈత నిషేధం' అని బోర్డు పెట్టారు. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు, మరుగుదొడ్ల ఫోటోలు, కోడిగుడ్ల బరువులు చూసేది ఎటూ బడిపంతులే కాబట్టి, సముద్రాన్ని కూడా ఆయనే చూడాలని వన్నూరప్పకు ఉత్తర్వు వచ్చింది. హోదా: స్థానిక సముద్ర పరిశీలకుడు. పని: పూటకోసారి నీళ్ల వేడి, మట్టం కొలిచి ఫోన్‌లోని యాప్‌లో ఎక్కించడం.

వన్నూరప్ప ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొదటి నుంచీ మాటల మనిషి కాదు. భార్య సాలమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆయన అబద్ధం ఆడడు. అడగనిది చెప్పడు. ఒక్క విషయంలో మాత్రం మొండివాడు. బడి వసారాలో పిల్లల కోసం సాలమ్మ ఒక మట్టికుండ పెట్టింది. ఉన్నన్నాళ్లూ పొద్దున్నే తనే నింపేది. ఆ కుండ ఒక్క పూట కూడా వట్టిగా ఉండకూడదని ఆయన పట్టుదల.

అది చిన్న పట్టుదల కాదు. ఊళ్లో బోర్లు ఎండి రెండేళ్లైంది. కరువు గ్రామాల జాబితాలో ఉంది కాబట్టి రోజు విడిచి రోజు నీళ్ల ట్యాంకర్ వచ్చేది. ఆ ట్యాంకరుతోనే ఊరు తాగాలి, వండుకోవాలి, గొడ్లకు పెట్టాలి.

సముద్ర ప్రారంభోత్సవానికి అదే ట్యాంకర్ వచ్చింది. ఊరి బిందెలన్నీ అలవాటు చొప్పున వరసలో నిలబడ్డాయి. ట్యాంకర్ వాటిని దాటుకుని పోయి, సముద్రం గోడ దగ్గర ఆగింది.

శేషశయనం గారు కొబ్బరికాయ కొట్టి ప్రసంగించారు. "ఈ రోజు నుంచి తుమ్మలబయలు తీరప్రాంతం. మన సముద్రం మన చేతుల్లో ఉంది. ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటనివ్వకండి. మిగతాది మేఘాలు చూసుకుంటాయి."

బడిలో మధ్యాహ్న భోజనం వండే సుంకమ్మ బిందె చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. అరవై ఏళ్ల మనిషి. ఎవరికీ జంకదు.

"సామీ, ఇది తొట్టి గదా?"

"అమ్మా, మీరు చూస్తున్నది కట్టడాన్ని. మేము చూస్తున్నది భావనను."

"మీరు చూసినంక మిగిలిన నీళ్లు మాకు పోస్తారా?"

"సముద్రంలో మిగులు అనేది ఉండదమ్మా" అన్నారాయన దయగా.

సముద్రపు నీళ్లు ఉప్పగా ఉండాలని నిబంధన ఉంది. వన్నూరప్ప ఆ సంగతి అడిగాడు. ఉప్పు టెండరు దశలో ఉందని, అంతవరకు దీన్ని తాత్కాలిక తీపి సముద్రంగా పరిగణించాలని జవాబు వచ్చింది.

వారం తిరక్కుండా సర్పంచి తిప్పేస్వామి మండల కార్యాలయం నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చి బడి అరుగు మీద కూలబడ్డాడు.

"సారూ, మన పేరు కరువు జాబితాలో నుంచి కొట్టేసినారు."

"ఎందుకు?"

"తీరప్రాంతానికి కరువు రాదంట. రూలు లేదంట. ఊరికొచ్చే ట్యాంకర్ నిలిపేసినారు. సముద్రానికి వచ్చేది మాత్రం వస్తాదంట. అది వేరే పద్దు."

"ఊరివాళ్లు ఏం తాగాలని అడగలేదా?"

"అడిగినా సారూ. సముద్రం పక్కన పెట్టుకోని నీళ్లు లేవంటావేందని ఎగిరినారు. మీ ఊళ్లో చేపలు పట్టేవాళ్లు ఎంతమందో రాసియ్యమన్నారు. ఎవరూ లేరంటే, అట్ల రాస్తే కంప్యూటరు ఒప్పుకోదంట. మారెన్నను రాసిచ్చొచ్చినా. మీరు గాక సముద్రం చూసినోడు వాడొక్కడే గదా."

మర్నాటి నుంచి ఊరి ఆడవాళ్లు, పెద్దపిల్లలు రెండు గుట్టల అవతల ఉన్న తోట బావికి నడవడం మొదలుపెట్టారు. బడిలో ఏడో తరగతి ఆడపిల్లల బెంచీ ఖాళీ అయింది. వన్నూరప్ప తన బిందె తాను మోసుకొచ్చి, ముందు వసారాలో కుండ నింపి, మిగిలితే ఇంట్లో పోసుకునేవాడు. తరచూ మిగిలేది కాదు.

ఇక ఉష్ణోగ్రత. అనంతపురం జిల్లాలో చినుకు లేని జూలైలో, నీడ లేని సిమెంటు తొట్టిలో మధ్యాహ్నం నీళ్లు ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. వన్నూరప్ప ఉన్నది ఉన్నట్టు ముప్పై నాలుగు అని ఎక్కించాడు. సాయంత్రానికి మెమో వచ్చింది.

'మీ పరిధిలోని సముద్రంలో మీరు ఎల్ నినో నమోదు చేసియున్నారు. జిల్లా వ్యాప్తంగా వర్షాభావానికి ఇది దారితీయు అవకాశమున్నందున, మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

వన్నూరప్ప ఒకే వాక్యం రాసి పంపాడు: 'ఎండ కాస్తున్నది.'

ఆ జవాబు మీద పెద్ద సమీక్ష జరిగింది. ఎండ మరో శాఖ కిందికి వస్తుంది కాబట్టి దాని మీద చర్య తీసుకోలేమని తేలింది. చివరికి సముద్రం మీద పచ్చ తెర కట్టించారు. తడి గోనెలు పరిపించారు. పట్టణం నుంచి ఐసు దిమ్మలు తెప్పించారు. అవి దారిలోనే కరిగి కారుతుంటే, లారీ వెనుక పిల్లలు నోళ్లు తెరుచుకుని పరుగెత్తారు. ఆ పూట ఊరికి అందిన నీళ్లు అవే. అప్పటికీ వేడి తగ్గకపోయేసరికి, ఎప్పటికప్పుడు చల్లని నీళ్లు పోస్తూనే ఉండాలని నిర్ణయించారు. దాంతో సముద్రానికి ట్యాంకర్ రోజూ రావడం మొదలైంది.

ఒకనాడు సుంకమ్మ గోడ నీడన కూర్చుని వన్నూరప్పను అడిగింది. "సారూ, నిజం చెప్పు. ఈ తొట్టి సల్లగుంటే వాన వస్తాదా?"

"రాదు."

"మరి ఆ సముద్రం సంగతి?"

"అది నిజమే. పొయ్యి ఒక ఇంట్లో రాజేస్తే పొగ ఇంకో ఇంట్లోకి పోతుంది చూడు, అలాంటిది. పొయ్యి చాలా పెద్దది. మనకు చాలా దూరం."

"మా జేజినాయన కాలంలో ఒగ ఇరవై ఏండ్లు వంకలు తెంపులేకుండా పారినాయంట. మా నాయన పెద్దోడైనంక ఒగ ఇరవై ఏండ్లు గంజికి కూడా కరువంట. ఊరోళ్లు పాపం చేసినారని జేజి తిట్టేది. ఆ పొయ్యేనా అది?"

"అదే అయివుండొచ్చు. పాపం మాత్రం కాదు."

"ఈ సంగతి జేజికి తెలిసింటే మమ్మల్ని అన్ని తిట్లు తిట్టేది కాదు" అంది సుంకమ్మ.

ఆగస్టు వచ్చింది. వాన రాలేదు. తోట బావి అడుగు తేలింది. ఆ రోజు పొద్దున బడికి వచ్చేసరికి వసారాలో కుండ ఎండిపోయి ఉంది. రాత్రి బావి దగ్గర వన్నూరప్పకు దొరికింది బురద. సుంకమ్మ పొయ్యి మీద వట్టి గిన్నె. గంట కొట్టకముందే పిల్లలు కుండ మూత తీసి చూసి, మళ్లీ జాగ్రత్తగా మూసి వెళ్తున్నారు. ఆ జాగ్రత్తే ఆయనకు కష్టంగా ఉంది.

వేడి కొలవడానికి ఆయన సముద్రం గట్టెక్కాడు. గొంతు దాకా నీళ్లు. గాలికి చిన్న అలలు కూడా లేస్తున్నాయి. సుంకమ్మ కడవ పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"సారూ, మీరు రొంత అట్ల తిరుక్కోండి."

"ఎటు?"

"ఆ గుట్ట పక్కకు. ఊరికే. గుట్ట బాగుండాది చూడండి."

వన్నూరప్ప గుట్ట వైపు చూశాడు. చూడడానికి దాని మీద ఏమీ లేదు. వెనుక కడవ మునిగి గుటగుటమని నీళ్లు తాగుతున్న చప్పుడు వినబడింది. ఆయన తిరగలేదు. ఆ చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఈసారి గాజుల గలగల కూడా కలిసింది. ఒకరి గాజులు కావవి. కాసేపటికి గుసగుసలు, నవ్వు, "నెమ్మదిగా మే, సారుకు ఇనపడతాది" అనే హెచ్చరిక. ఆ హెచ్చరికే అన్నిటికంటే గట్టిగా ఉంది.

ఆయన గుట్టను చాలాసేపు చూశాడు. ఇటు తిరిగేసరికి సముద్రంలో నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. వసారాలో కుండ నిండి, చెమర్చి, కింద నేల తడిసి ఉంది.

ఇక యాప్ తెరవక తప్పదు. సముద్ర మట్టం గడిలో మూడే వాక్యాలు ఉన్నాయి: 'పెరిగింది', 'స్థిరంగా ఉంది', 'వెనక్కి తగ్గింది'. వన్నూరప్ప అబద్ధం ఆడడు. మూడోది నొక్కాడు. ఎంత అని అడిగితే, ఎంతో అంత చెప్పాడు. ఎందుకు అని అది అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తీరంలో సముద్రం ఉన్నట్టుండి మనిషి లోతు నుంచి మోకాలి లోతుకు వెనక్కి పోతే దాని అర్థం ఏమిటో రాజధానిలోని విపత్తు కేంద్రానికి బాగా తెలుసు. అక్కడ ఎర్రదీపం వెలిగింది. గంటలు మోగాయి. పిల్లలు భోజనాలకు కూర్చునే వేళకు తిప్పేస్వామి ఫోన్ పట్టుకుని బడిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, సునామీ వస్తాందంట! మన ఊరికి!"

"ఎటు నుంచి?"

"అది రాయలేదు సారూ!"

మధ్యాహ్నం దాటేసరికి ఊరు జీపులతో నిండిపోయింది. కరువు వచ్చిందని ఎన్ని అర్జీలు పెట్టినా తొంగిచూడని ప్రభుత్వం, సునామీ అనగానే అన్నీ మోసుకొచ్చింది. బ్రెడ్డు వచ్చింది. పాలపొడి వచ్చింది. దుప్పట్లు, డేరాలు, ఒక రబ్బరు పడవ వచ్చాయి. దుమ్ము రేపుకుంటూ ఐదు నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. మైకులో ఒకాయన ప్రజలందరూ మేకలతో సహా గుట్ట ఎక్కాలని అరుస్తున్నాడు. మారెన్నను మత్స్యకారుల ప్రతినిధిగా పిలిచి, సముద్రం మీద ఉన్న నీ పడవలన్నీ వెనక్కి వచ్చాయా అని అడిగారు. "నావి మేకలు సామీ, అన్నీ వచ్చినాయి" అన్నాడు వాడు. 'అన్నీ క్షేమం' అని రాసుకున్నారు.

ఒక యువ అధికారి సుంకమ్మకు నారింజరంగు జాకెట్టు తొడగబోయాడు.

"ఏంది నాయనా ఇది, ఎద్దు వీపున గంత కట్టినట్ల?"

"నీళ్లలో మునగకుండా కాపాడుతుందమ్మా."

"ముంచేటన్ని నీళ్లు యాడుండాయో చూపించు, వేసుకుంటా."

శేషశయనం గారు కారు దిగుతూనే సముద్రం దగ్గరికి పరుగు తీశారు. లోపలికి తొంగిచూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఫోన్‌లో ఎవరికో "చిత్తం సార్, పావుగంటలో సాధారణ స్థితి సార్, ఫోటో పెడతాను సార్" అని చెప్పి, ట్యాంకర్ల వైపు తిరిగి చెయ్యి ఊపారు. "ఐదూ ఇటు రండి! పైపులు సముద్రంలో వెయ్యండి! ముందు మట్టం పెంచండి!"

మొదటి ట్యాంకర్ పైపు గోడ మీదికి పాకింది. గుట్ట ఎక్కిన ఊరంతా అక్కడి నుంచి చూస్తోంది. వన్నూరప్ప కూడా చూశాడు. ఐదు ట్యాంకర్లు. ఊరికి పది రోజుల నీళ్లు.

ఆయన ముందుకు నడిచాడు.

"సార్, ఒక మాట."

"తర్వాత మాస్టారూ. ముందు సముద్రం."

"సముద్రం గురించే సార్. సునామీలో సముద్రం ముందు వెనక్కి పోతుంది."

"తెలుసు."

"తర్వాత తిరిగి వస్తుంది. ఆ తిరిగి రావడమే సునామీ."

"చిన్నపిల్లల పాఠం నాకు చెప్తున్నారా?"

"లేదు సార్. సముద్రం ఇప్పుడు వెనక్కి పోయి ఉంది. మీరు ఆ పైపు విప్పితే తిరిగి వస్తుంది."

శేషశయనం గారు పైపు వైపు చూశారు. దాని మూతి నుంచి ఒక్క చుక్క జారి సముద్రంలో పడింది.

"ఎంత... ఎంత ఎత్తున వస్తుంది?"

"ఐదు ట్యాంకర్లు పోస్తే గోడ పొర్లుతుంది సార్."

"పొర్లితే మీరు ఏమని నమోదు చేస్తారు?"

"పొర్లిందని, సార్."

"కారణం?"

"సునామీ హెచ్చరికతో పాటే ఆ గడి కొత్తగా వచ్చింది సార్. 'ఎవరి ఆదేశంతో' అని కూడా అడుగుతోంది."

శేషశయనం గారి ఉద్యోగ జీవితంలో ఎన్నో ఆరోపణలు వచ్చాయి గాని, స్వహస్తాలతో సునామీ తెచ్చాడన్న ఆరోపణ రాలేదు. అది వచ్చాక ప్రమోషన్ రాదు. ఆయన గొంతు పగిలేలా కేక పెట్టారు.

"తియ్యండి! పైపు తియ్యండి! ఒక్క చుక్క సముద్రంలో పడటానికి వీల్లేదు!"

"మరి ఈ నీళ్లు సార్?" అన్నాడు ట్యాంకర్ డ్రైవరు.

"ఎక్కడైనా పోయండి! సముద్రంలో తప్ప!"

"ఇళ్లలో పోయించమంటారా సార్?" అన్నాడు వన్నూరప్ప.

"ఇళ్లలో, కుండల్లో, గంగాళాల్లో, ఎందులో పడితే అందులో! సముద్రానికి దూరంగా! త్వరగా!"

గుట్ట మీద నుంచి ఊరు దిగిన వేగం చూసి, సునామీ అటువైపు నుంచి వచ్చిందేమోనని మైకాయన కంగారుపడ్డాడు.

అంతటితో అయిపోలేదు. నిబంధనల ప్రకారం సముద్రం తిరిగి రానంతకాలం ప్రమాదం పొంచి ఉన్నట్టే. ప్రమాదం పొంచి ఉన్నంతకాలం బాధిత గ్రామానికి రోజూ నీళ్లు, పాలు సరఫరా చేయాలి. సముద్రం తిరిగి రాకుండా చూడడానికి బాబయ్య అనే హోంగార్డును నియమించారు. అతను వచ్చిన రోజే అడుగున ఉన్న మోకాలి లోతు నీళ్లు తోడించి మేకలకు పోయించాడు. పాపం, మనసు పెట్టి పనిచేసేవాడు. ఆడపిల్లలు బెంచీకి తిరిగి వచ్చారు.

నీళ్లే లేని సముద్రానికి ఉష్ణోగ్రత ఏమిటని వన్నూరప్ప పైవారిని అడిగాడు. గడి ఖాళీగా వదిలెయ్యమన్నారు. యాప్ ఖాళీని సున్నాగా తీసుకుంది. నెలాఖరుకు రాష్ట్రంలోని సముద్రాలన్నిటి లెక్కలు తీస్తే, బంగాళాఖాతం కన్నా తుమ్మలబయలు సముద్రమే చల్లనిదని తేలింది. సున్నా డిగ్రీలు సాధించినందుకు శేషశయనం గారికి శాలువా కప్పారు. ఉప్పు టెండరు రద్దయింది.

ఆ సెప్టెంబరులో, ఎవరి ఉత్తర్వూ అందకుండానే, అవతలి పక్క పెద్ద సముద్రం ఒక డిగ్రీ చల్లబడిందని రేడియోలో చెప్పారు. అదే కారణమో, ఇంకేదైనా కారణమో వన్నూరప్ప పిల్లలకు గట్టిగా చెప్పలేదు. 'చాలాసార్లు' అని మాత్రం చెప్పాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, లెక్కల పాఠం నడుస్తుండగా, గుట్ట వెనుక నల్లగా కమ్మింది. మట్టివాసన ముందు వచ్చింది. వెంటనే వాన.

పిల్లలు బయటికి దూకారు. వన్నూరప్ప ఆపలేదు. సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వసారా దిగి ఆటస్థలంలో నిలబడ్డాడు. పక్కన ఎవరో ఉన్నట్టు, ఏదో చెప్పబోయి అటు తిరిగాడు. తర్వాత ముఖం పైకెత్తి ఊరికే తడిశాడు.

సముద్రం దగ్గర నుంచి కేకలు వినబడ్డాయి. హోంగార్డు బాబయ్య చొక్కా విప్పేసి సముద్రంలో దిగి, చిన్న బకెట్టుతో నీళ్లు బయటికి చల్లుతున్నాడు. చల్లినదాని కంటే పడేది ఎక్కువగా ఉంది. నీలం గోడ మీద నీళ్లు జానెడు ఎక్కాయి.

"సారూ! సముద్రం వచ్చేస్తాంది! నా ఉద్యోగం పోతాది! ఎవరినన్నా పిలవండి సారూ!"

వన్నూరప్ప బడిలోకి వెళ్లి గంట కొట్టాడు. వేళ కాని వేళ గంట మోగేసరికి ఊరు వాకిళ్లలోకి వచ్చింది.

"సముద్రం పెరుగుతోంది. తోడాలి" అన్నాడాయన.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తుమ్మలబయలు మొత్తం బిందెలతో, కడవలతో, డేగిసాలతో, నారింజ జాకెట్లు తొడుక్కుని ప్రభుత్వాన్ని ఆదుకోవడానికి కదిలింది. తిప్పేస్వామి వరస కట్టించాడు. ఎంత తోడితే అంత నిండుతోంది. తోడినది తోడినట్టు ఇళ్లలోకి పోతోంది.

"తొందరగా అమ్మా, తొందరగా! గోడ పొర్లితే సునామీ అని రాసేస్తారు!" బాబయ్య చేతులు జోడించాడు.

సుంకమ్మ నిండు కడవ నెత్తిన పెట్టుకుని, వానలో తాపీగా వెనక్కి తిరిగింది.

"ఉండు నాయనా, బెదిరిపోవాక. నా ఇంట్లో ఇంగా రెండు గంగాళాలు ఖాళీగుండాయి. అవి నిండేదాకా నీ సునామీ యాడికీ పోదు."